పట్టీ బిగిస్తే లీక్ ఆగుతుందా?

నిద్రలో ఊపిరి ఆగకుండా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ మెషీన్ మాస్క్ అంచు నుంచి గాలి బుస్సుమని కంట్లోకి కొట్టగానే ఎవరి చెయ్యైనా పట్టీ మీదికే పోతుంది. వెల్క్రో ఊడదీసి ఇంకాస్త లాగి అంటిస్తారు. అప్పటికి గాలి ఆగుతుంది కూడా. తెల్లారేసరికి ముక్కు దూలం మీద ఎర్రటి గాడి, మర్నాటి రాత్రి మళ్లీ అదే లీక్. కాబట్టి పట్టీ బిగించడం కన్నా వదులు చేయడమే ముందు నేర్చుకోవాలంటాను. చాలా మాస్కుల్లో సిలికాన్ కుషన్ రెండు పొరలుగా ఉంటుంది. వెనక మందపు పొర ఆనుకోవడానికి. చర్మానికి తగిలే పల్చటి పొర గాలికి ఉబ్బి సందులు మూయడానికి. పట్టీ లాగేకొద్దీ ఆ పల్చటి పొర ఉబ్బే చోటు లేక నలిగి మడతపడుతుంది, ఆ మడతే గాలికి దారి. 1981లో ఆస్ట్రేలియాలో కొలిన్ సలివన్ బృందం సీప్యాప్ వైద్యాన్ని ప్రకటించినప్పుడు గాలి కారకుండా ముక్కు దగ్గర సిలికాన్ రబ్బరుతో మూయాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ పని గాలి ఒత్తిడే చేస్తుంది, చేయనిస్తే. అందుకు మెషీన్ ఆపి, కూర్చుని సరిచూసుకుంటే చాలదు. పడుకుంటే బుగ్గలు, దవడ జారి ముఖం తీరే మారుతుంది. రోజూ పడుకునే భంగిమలోనే మెషీన్ ఆన్ చేసి, పట్టీలన్నీ వదులు చేసి, మాస్క్‌ను కాస్త ముందుకు లాగి వదలాలి. కుషన్ నిండాక రెండు పక్కలా సమానంగా, కొద్దికొద్దిగా బిగిస్తూ, లీక్ ఆగిన చోటే ఆపేయాలి. మాస్క్‌కున్న సన్నటి రంధ్రాల్లోంచి వచ్చే గాలిని మాత్రం ఆపకూడదు. మనం వదిలిన ఊపిరి పోయే దారి అదే.

నిద్రలో ఒత్తిడి పెరిగితే వదులు పట్టీ నిలుస్తుందా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. సాధారణంగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య పనిచేసే ఆటో మెషీన్లలో, అవసరాన్నిబట్టి ఒత్తిడి రాత్రంతా మారుతుంటుంది. చాలా మెషీన్లలో మాస్క్ ఫిట్ పరీక్ష ఉంటుంది. అది కాసేపు ఎక్కువ ఒత్తిడితో గాలి వదులుతుంది. ఆ ఒత్తిడి దగ్గరే సరిచూసుకుంటే ఊహమీద బిగించే పని ఉండదు. ఇంత చేసినా కారుతోందంటే తప్పు చాలాసార్లు పట్టీది కాదు. ముఖానికి రాసిన క్రీమో, తలనూనె జిడ్డో కుషన్‌ను జారుస్తుంది. మీసం సందు చేస్తుంది. వెనక పట్టీ కింద పడ్డ జుట్టు ముడి మాస్క్ మొత్తాన్ని పక్కకు గుంజుతుంది. జుట్టు ఒత్తుగా ఉన్న ఆడవాళ్లు జడను పట్టీకి దిగువన వదిలేస్తే మేలు. కుషన్ రోజూ కడుగుతున్నా మెత్తబడి సాగిపోయి ఉంటే, లేదా సైజే తేడాగా ఉంటే, ఎంత లాగినా పుండే మిగులుతుంది. చాలా మాస్కులకు కుషన్ విడిగా దొరుకుతుంది, మొత్తం కొనక్కర్లేదు. సైజు మార్చి చూపించమని అమ్మినవాళ్లను అడగడానికి మొహమాటపడొద్దు.