అడుగని బిడ్డ

మన సాహిత్యమున శిశువునకు కొఱత లేదు. బాలకృష్ణుని అల్లరి మొదలుకొని ఆధునిక కవుల శైశవగీతముల వఱకు శిశువు మనకు ప్రియమైన కావ్యవస్తువే. కాని శిశువును చూచి మనము పలికిన పలుకులెన్ని, శిశువు పలుకగా మనము వినిన పలుకులెన్ని అని లెక్కించినచో, రెండవ లెక్క మిక్కిలి స్వల్పమని తేలును. ఇది శిల్పమునకు మాత్రమే సంబంధించిన లోపము కాదు. పిల్లల ఆకలి, పిల్లల అమ్మకము, నేడు అంతర్జాలము ద్వారా పిల్లలకు కలుగు ఆపద, ఈ మూటికిని వేఱువేఱు కారణములు కలవు. కాని మూటిని కప్పిపుచ్చు తెర ఒక్కటే. నోరెత్తని బిడ్డయే మంచి బిడ్డ యను మన నీతియే ఆ తెర. దానిని నేయుటలో సాహిత్యమునకును పాలు కలదనుట ఈ వ్యాసమునందలి ప్రతిపాదన.

దీనిని పరిశీలించుటకు ఖరగ్‌పూర్ తగిన తావు. పందొమ్మిదవ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇచ్చట కూడలిని, పిదప కర్మాగారమును నెలకొల్పినది మొదలు, ఉత్తరాంధ్రమునుండి తెలుగువారు పనికై వచ్చి తరతరములుగ స్థిరపడిరి. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము 2020 డిసెంబరులో తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నీయ నిశ్చయించినప్పుడు ముఖ్యముగ దృష్టియందున్నది ఈ పట్టణపు తెలుగువారే. వీరి పెద్దలు విడిచి వచ్చినది గురజాడ నాటకము పుట్టిన సీమ. వచ్చి చేరినది ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పుట్టిన మేదినీపూర్ సీమ. శిశువునుగూర్చి ఈ రెండు సీమలు చెప్పినదానిని ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను.

విద్యాసాగరుడు 1820లో బీర్‌సింహ గ్రామమున జన్మించెను. 1850లోనే బాల్యవివాహ దోషములనుగూర్చి వ్రాసిన ధీరుడు. మన వీరేశలింగమునకు మార్గదర్శి. అట్టివాడు 1855లో వెలువరించిన వర్ణపరిచయమున గోపాలుడను మంచి బాలుని చిత్రించెను. గోపాలుడు పెట్టినది తినును, ఇచ్చినది కట్టును, ఇంకేమియు అడుగడు. తరతరముల వంగదేశపు బిడ్డలకు అతడే ఆదర్శమయ్యెను. విద్యాసాగరుని జీవితము ఈ గోపాలునివలె నడువలేదనియు, అతడు అల్లరిపిల్లవాడగు రాఖాలునకే దగ్గఱివాడనియు రవీంద్రుడు గుర్తించి వ్రాసెను. ఇది చమత్కారము మాత్రమే కాదు. ఒక పెద్ద సంస్కర్త పిల్లలకై పోరాడుచునే, పిల్లలు తమకై పోరాడరాదను పాఠము చెప్పెనన్నమాట. మన నీతికథలు, శతకములు పెంచిన బాలుడును గోపాలునకు అన్నదమ్ముడే.

ఇక కన్యాశుల్కము. 1897 నాటి తొలికూర్పు పీఠికలో గురజాడ ఒక లెక్క నిచ్చెను. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో నమోదైన శుల్కవివాహములు 1,034. అందు అయిదేండ్ల బాలికలు 99 మంది; నాలుగేండ్లవారు 44; మూడేండ్లవారు 36; రెండేండ్లవారు 6; ఏడాది బిడ్డలు ముగ్గురు. ఈ అంకెలకు మించిన కరుణరసము నాటకమున లేదు. ఏడాది బిడ్డకు మాటయే రాదు గదా! నాటకమున సుబ్బి స్థితియు ఇంచుమించు ఇంతియే. కథయంతయు ఆ బాలిక పెండ్లిచుట్టు తిరుగును. అయినను మనకు జ్ఞప్తియుండు మాట ఆమె నోట ఒక్కటియు లేదు. తల్లి వెంకమ్మ మాటయైన చెల్లుచున్నదా? నూతిలో దూకినగాని ఆమె బాధ లెక్కకు రాదు. పూర్ణమ్మ నోరు విప్పి పలుకును గాని, ఆ పలుకు అంతయు ముగిసిన పిదప తోబుట్టువులకు చెప్పు వీడుకోలు.

ఈ కథ గతించినదనుకొనుటకు వీలులేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఇరువది మొదలు ఇరువది నాలుగేండ్ల స్త్రీలలో పదునెనిమిదేండ్లు నిండకమునుపే పెండ్లియైనవారు పశ్చిమ బెంగాల్‌న నూటికి 41.6, ఆంధ్రప్రదేశ్‌న 29.3, తెలంగాణమున 23.5. శుల్కము పోయి కట్నము వచ్చినది. బిడ్డను అడుగకుండుట మాత్రము పోలేదు.

కన్యాశుల్క విమర్శలో మనము సరిగా చూడని బాలుడొకడు కలడు. వాడు వెంకటేశము. గిరీశము మాటకారితనమునకు నవ్వుచు, ఆ మాటలు ఎవరిమీద ప్రయోగింపబడుచున్నవో మఱచితిమి. గిరీశము చేసినదేమి? పరీక్ష తప్పిన కుఱ్ఱవానిని చేరదీసెను. పొగడెను. చుట్ట త్రాగుట నేర్పెను. తప్పిన సంగతి ఇంట తెలియకుండ కాపాడెదనని రహస్యమున భాగస్వామి యయ్యెను. చదువు చెప్పువాడనను వేషముతో వానివెంట ఆ యింట ప్రవేశించెను. ప్రవేశించి వాని యక్క బుచ్చమ్మపై వల పన్నెను. తండ్రి అగ్నిహోత్రావధాన్ల కోపమే గిరీశమునకు పెట్టుబడి. తండ్రితో నిజము చెప్పగల కుఱ్ఱవానిని గిరీశము లోబఱచుకొనజాలడు.

కరటకశాస్త్రి శిష్యుని సంగతియు ఇట్టిదే. ఆ బాలునికి ఆడవేషము వేసి లుబ్ధావధాన్ల కమ్మిరి. తన కూతునే యిచ్చి పెండ్లి చేసెదనని గురువు ఆశపెట్టెను. ఒక బాలికను రక్షించుటకు ఒక బాలుని పణముగ నొడ్డి, ఇంకొక బాలికను బహుమానముగ చూపిరి. ఆ ముగ్గురిలో ఎవ్వరిని ఎవ్వరు అడిగిరి? ప్రేక్షకుడు నవ్వును, నవ్వవలసినదే. నవ్విన పిదప ఈ ప్రశ్న మిగులవలెను.

నేటి అంతర్జాలపు వంచకుడు గిరీశమునకు కొత్త రూపము. వాడు పిల్లలాడు ఆటలోనో, సామాజిక మాధ్యమమునందో ఈడువానివలె వేషము వేసికొని కలియును. మొదట పొగడ్త, పిదప చిన్న కానుక, తరువాత ‘ఇంట చెప్పకు’మను మాట. ఒక ఛాయాచిత్రము నడుగును. చిక్కిన పిదప దానినే చూపి బెదరించును. బిడ్డ ఏల చెప్పదు? చెప్పినచో తననే తిట్టుదురనియు, చేతిలోని ఫోను లాగుకొందురనియు భయము. వంచకుని బలము యంత్రమునందు కంటె ఈ భయమునందే ఎక్కువ. వెంకటేశపు పాత్రను ఈ దృష్టితో పాఠశాలలో బోధింపగలిగినచో, శతాధిక వర్షముల నాటకము నేటి బిడ్డకు రక్షయగును.

ఆకలి ఈ మౌనమునకు ఇంకొక ముఖము. 1942 అక్టోబరు 16వ తేదీని మేదినీపూర్ తీరమును తుపాను ముంచెను. మఱుసటి యేడు కఱవు. 1943 నవంబరులో చిత్రకారుడు చిత్తప్రసాదుడు ఈ మండలమంతయు తిరిగి, చూచినదానిని గీసి, వ్రాసి, ‘ఆకలిగొన్న బెంగాల్’ అను అర్థముగల పేరుతో గ్రంథముగ వెలువరించెను. ప్రభుత్వము ఆ ప్రతులను పట్టుకొని తగులబెట్టించినది. తదనంతరము ఆయన పనిచేయు పిల్లలను వరుసగ చెక్కిన చిత్రములలో బిడ్డ బిచ్చమెత్తు బొమ్మవలె గాక, మన కన్నులలోనికి చూచు మనిషివలె నిలుచును. మన జాలికవితలలో లోపించినది ఆ చూపే.

నేడు కఱవు లేదు, ఆకలి కలదు. పైన చెప్పిన సర్వేయే, అయిదేండ్లలోపు బిడ్డలలో వయస్సునకు తగిన ఎత్తు లేనివారు పశ్చిమ బెంగాల్‌న నూటికి 33.8, తెలంగాణమున 33.1, ఆంధ్రప్రదేశ్‌న 31.2 అని చెప్పుచున్నది. ఇంటినుండి వెడలిన బిడ్డకు తరచుగ తొలి ఆశ్రయము రైల్వే స్టేషను. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారము పొడవు 1,072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ మించువఱకు ప్రపంచమున అతి దీర్ఘమని ప్రసిద్ధి. ఎంత దీర్ఘమైన ప్లాట్‌ఫారమైనను ఒంటరి బిడ్డను మొదట పలుకరించువాడు ఎవడన్నదే ప్రశ్న. అన్నము పెట్టెదనన్న ప్రతివాడు దాత కాడు. 2018 మొదలు 2024 మే వఱకు రైల్వే రక్షణదళమువారు దేశమంతట 84,119 మంది పిల్లలను కాపాడిరని రైల్వే మంత్రిత్వశాఖ ప్రకటించినది. ఆ పిల్లలలో ఒక్కొక్కరిది ఒక్కొక్క కథ. మన భాషలో వ్రాయబడినవి ఎన్ని?

వ్రాయుటకు దారి చూపినవారు లేకపోలేదు. చాసో ‘కుంకుడాకు’ కథలో పొయ్యిలోనికి ఆకు ఏఱుకొను కూలివాని బిడ్డను దొంగయని కొట్టుదురు. ఆ బిడ్డ ఏడ్చి ఊరకుండదు, తిరిగి తిట్టును. విభూతిభూషణుని ‘పథేర్ పాంచాలి’లోని దుర్గయు దొంగయని మాటపడిన బిడ్డయే. ఇద్దఱును గోపాలుని బడిలో చదువనివారు. దుర్గను తలచి కన్నీరు పెట్టుదుము. చాసో బిడ్డ తిట్టు విని తల వంచుకొందుము. రెండవది కష్టమైన రసానుభవము, కాని ప్రయోజనమున గొప్పది.

సాహిత్యము ప్రభుత్వ ప్రకటన కాదనియు, హెచ్చరికలు వ్రాయుట కవిపని కాదనియు కొందఱందురు. నిజమే. 1098 అను అంకెకు ఫోను చేసినచో ఆపదలోని బిడ్డకు సహాయము వచ్చుననియు, సైబరు మోసములకు 1930 కలదనియు చెప్పుటకు కావ్యము అక్కఱలేదు. గోడమీది అక్షరములు చాలును. కాని ఆ ఫోను ఎత్తి ‘నాకిట్లు జరిగినది’ అని చెప్పుటకు బిడ్డకు మాట కావలెను, ధైర్యము కావలెను, నమ్ముదురను నమ్మిక కావలెను. గోడ ఆ మూటి నీయజాలదు; కథ ఈయగలదు.

ప్రవాసమున ఈ బాధ్యత ఇనుమడించును. ఖరగ్‌పూర్ తెలుగుబిడ్డ చుట్టును తెలుగు, హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు కలవు. నాలుగు భాషల నడుమ పెరిగిన బిడ్డ తన సిగ్గును, భయమును, ఆకలిని ఏ భాషలో చెప్పుకొనును? తల్లిభాషలో ఆ మాటలు నేర్వని బిడ్డ నాలుగు భాషలలోను మూగయే. అధికారభాషగ తెలుగునకు లభించిన గౌరవము దస్త్రములతో ఆగరాదు. బిడ్డ మొఱపెట్టుకొను భాష కావలెను.

కావున రచయితలకు మనవి. పిల్లలనుగూర్చి వ్రాయునప్పుడు జాలిని కొంత తగ్గించి, వినికిడిని పెంచుడు. బిడ్డ ఆకలియని చెప్పినప్పుడు ఏమి తిని ఎన్ని గంటలైనదో తెలిసికొని వ్రాయుడు. అడుగు బిడ్డను, కాదను బిడ్డను, ఇంటికి వచ్చి ఉన్నది ఉన్నట్లు చెప్పు బిడ్డను నాయకునిగ చేయుడు. ఆ చెప్పినదానిని కోపపడక విను తండ్రి నొక్కని సృష్టింపుడు. అగ్నిహోత్రావధాన్లు మారిననాడు గిరీశమునకు ఆ యింట చోటుండదు.