తుప్పు పూసిన దుప్పటి

ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లో మా వెనకగదికి తూర్పున ఒక్కటే కిటికీ. పొద్దున్న ఎండ అందులోంచి దిగి, మంచం మీది పెడన కలంకారీ దుప్పటిని కాళ్ళవైపు నుంచి మెల్లగా ఎక్కుతుంది. ముందు అంచు తీగ వెలుగుతుంది, తర్వాత నెమళ్ళు, ఆఖరున నడిమి చెట్టు. రోజూ చూసేదే. అయినా ఆ వరస పూర్తయ్యేదాకా పక్క సర్దబుద్ధి కాదు.

నాన్న రైల్వే పాసు మీద వెళ్ళినప్పుడు అమ్మ కొన్న దుప్పటి ఇది. విజయవాడ దాకా మెయిల్లో, అక్కణ్ణుంచి గుడివాడ మీదుగా బందరు పోయే పాసింజరులో. బందరుకి కాస్త ముందే పెడన స్టేషను.

ముందు నలుపు సంగతి. ఆకుల అంచులూ నెమలి కన్నూ కొమ్మల గరుకూ అన్నీ ఆ నలుపులోనే ఉన్నాయి. సిరా నలుపులా చచ్చుగా ఉండదు. లోపల ఎక్కడో కాస్త గోధుమ వెచ్చదనం. తుప్పుపట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన రసం అది. బట్టని ముందే కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసి ఉంచుతారు. లేత పసుపు తిరిగిన ఆ బట్టకి ఇనుప రసం తగలగానే నల్లబడుతుంది. అరటికాయ తరిగిన కత్తిపీట నల్లబడటం చూడని తెలుగిల్లు ఉంటుందా? వగరుకీ ఇనుముకీ ఉన్న ఆ పాత చుట్టరికమే ఇక్కడ బొమ్మై కూర్చుంది. నాన్న వర్క్‌షాపు నుంచి వస్తే చొక్కా నిండా తుప్పు మరకలు. అమ్మ నిమ్మచెక్క పెట్టి రుద్ది రుద్ది వాటిని వదలగొట్టేది. అదే తుప్పు తీగై పాకితే మంచం మీద పరుచుకుంది! ఇంత ఇనుము నమ్ముకున్న ఖరగ్‌పూర్‌లో ఈ దుప్పటి నాకెప్పుడూ పరాయి ఊరిదనిపించలేదు.

ఎరుపు నడక వేరు. పువ్వు చోట అచ్చుతో అద్దేది పటిక కలిపిన జిగురు. అద్దినప్పుడు పువ్వు ఉందో లేదో అన్నట్టుంటుంది. ఆ బట్టని పారే నీళ్ళలో జాడించి, మంజిష్ఠ లాంటి రంగు దినుసులు వేసిన రాగి కాగులో ఉడకబెడతారు. పటిక ఉన్న చోట ఎరుపు పట్టుకుంటుంది. లేని చోట అంటిన కాస్త రంగూ ఉతుకుల్లో, ఎండలో వదిలిపోతుంది. పూర్వం ఈ ఎరుపు కోస్తా ఇసకనేలల్లో దొరికే చిరివేరు నుంచి వచ్చేది. అచ్చు వేసే మనిషి అద్దేది దాహం మాత్రమే. తాగటం తర్వాత కాగులో జరుగుతుంది. తన పువ్వు ఎలా పూస్తుందో ఆయన ఆ పూట చూడడు. ఈ సంగతి తెలిశాక ఆ ఎరుపుని మునుపటిలా చూడలేకపోయాను. పైన పూసినట్టు లేకపోవటం, నూలు లోంచే ఊరివచ్చినట్టుండటం ఊరికే కాదు.

మా జిల్లాలోనే పింగ్లా దగ్గర నయా గ్రామంలో పటచిత్రాలు వేసే పటువాలు శంఖపుష్పాల నీలాన్ని మారేడు జిగురుతో కలిపి కాగితం మీద బొమ్మ గీస్తారు. అక్కడ రంగు కాగితం మీద కూర్చుని మనవైపు చూస్తుంది. ఆ ఠీవి నాకిష్టమే. కానీ పక్క మీదికి పెడన ఎరుపే కావాలి. మొహం ఆనించుకోవాల్సిన బొమ్మ కదా.

నడిమి చెట్టుకి ఎడంపక్కన మూడో పువ్వు దగ్గర ఎరుపు గీత దాటి నూలు మందం బయటికొచ్చింది. గీతకో అచ్చు, లోపలి నింపుడుకి మరొకటి. టేకు చెక్కని గుడ్డకి ఆనించి పైనుంచి పిడికిలితో ఒక్క పోటు పొడుస్తారు. ఆ పోటులో చెయ్యి వెంట్రుకవాసి జరిగింది. జరిగినందువల్లే ఆ పువ్వు కదులుతున్నట్టుంది, గాలి తగిలి పక్కకి ఒరిగినట్టు. కలంకారీ పేరు పెట్టి ఇప్పుడు సంతల్లో అమ్మే స్క్రీన్ ప్రింట్లలో వంద పువ్వులకీ ఒకటే కొలత, ఒకటే మొహం. కన్ను ఎక్కడా ఆగదు, జారిపోతుంది. చవగ్గా వస్తాయి కాబట్టి కొనేవాళ్ళని తప్పుపట్టను. నేను మాత్రం కొనను.

మంచం మీద పువ్వు పరుచుకోవాలన్న ఈ కోరిక ఒకప్పుడు దేశాల్నే కంగారుపెట్టింది. 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో కోఠీ పెట్టుకున్నారు. అక్కణ్ణుంచి ఓడలెక్కిన పెద్ద దుప్పట్లకి వాళ్ళు పలుకలేక పలికిన పేరు ‘పాలంపోర్’, మన పలంగ్‌పోషే. ఐరోపా నేతగాళ్ళు గొల్లుమన్నారు. 1686లో ఫ్రాన్సు ఈ అద్దకపు గుడ్డల్ని నిషేధించింది. 1721 నాటి ఇంగ్లండు చట్టం ఒంటిమీది బట్టలతో ఆగక పరుపులూ కుర్చీలూ దిళ్ళ దాకా వెళ్ళింది. దిండు గలీబు మీది పువ్వుకి పార్లమెంటు జడవటం తలుచుకుంటే నాకు నవ్వూ గర్వమూ కలిసే వస్తాయి.

మా దుప్పటి ఇప్పుడు కొత్తదానిలా లేదు. నాన్న పడుకున్న వైపు ఎరుపు పలచబడి దానిమ్మ గింజ రంగుకి దిగింది. గోడవైపు ఇంకా చిక్కగానే ఉంది. ఒకే అచ్చు పువ్వు అటు రాత్రిలా, ఇటు తెల్లవారినట్టు. నలుపు మాత్రం రెండువైపులా పట్టు వదల్లేదు. పలచబడ్డ ఎరుపు మీద గీత ఇంకా తేటగా తేలింది. కొన్ననాడు ఇంత అందం లేదని అమ్మ అంటుంది. నేనూ అదే అంటాను, అంటే కొడుకు మాటలా వినిపిస్తుందని బయట అనను.

ఎండ చెట్టు చివరి కొమ్మకెక్కింది. అక్కడ పిట్ట ఒకటి తల వెనక్కి తిప్పి చూస్తోంది. గుమ్మంలోంచి అమ్మ:

“లెగు నాయనా, దుప్పటి దులపాలి.”