కలుపు ఎవరికి కలుపు?

మన ప్రాంతపు మొక్కల చదువు గురించి చెప్పేవాళ్లు విలియం రాక్స్‌బర్గ్‌ని తలుచుకుంటారు. ఆయన 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో పనిచేశాడు. 1795 నుంచి అచ్చయిన 'కోరమండల్ తీరపు మొక్కలు' మూడు సంపుటాల్లో 300 బొమ్మలున్నాయి. లాటిన్ పేరుతోపాటు తెలుగు పేరూ రాశాడు. మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ పేరు ఏ నోటినుంచి వచ్చింది? పేరు పుస్తకమెక్కింది, చెప్పినోళ్లు గట్టుమీదే ఉండిపోయారు.

తర్వాతి చదువు మొక్కల్ని పంట, అడవి మొక్క, కలుపు అని విడగొట్టింది. ఈ గీత ప్రకృతి గీసింది కాదు, భూమి హక్కు గీసింది. అల్లవరం వైపు వరిచేలనే తీసుకోండి. పొన్నగంటి, ఊద పుస్తకంలో కలుపే. భూమిలేని పేటలో పొన్నగంటి కూర, ఊద గేదెకి మేత, కలుపుతీత ఆడకూలీకి రోజుకూలి. కలుపుమందు కొడితే మూడూ ఒక్కసారే పోతాయి.

అలాగని వలస మొక్కలన్నిటినీ వెనకేసుకురాలేం. దక్షిణ అమెరికా నుంచొచ్చిన గుర్రపు డెక్క మురుగుకాలవని పూడిస్తే చేను మునుగుతుంది, కూలి పని కూడా మునుగుతుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టని ధర, మురుగు, పెరిగిన కూలి కారణాలన్నారు. ఖర్చు లెక్కలో కనిపించిన కూలోళ్లు నష్టం లెక్కలో ఎక్కడున్నారు?

మొక్కల పట్టిక తయారుచేసే విద్యార్థులు, అధ్యాపకులు అందులో మరో మూడు గడులు గీయాలి: ఎవరు పీకుతారు, ఎవరు తింటారు, పేరు ఎవరు చెప్పారు. అవి ఖాళీగా ఉన్నంతకాలం అది సగం శాస్త్రమే.