ముట్టించకముందే తెలిసే చుట్ట

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వైపు వెళ్తుంటే దారి పొడుగునా నల్లరేగడే. వానలు వెనకపట్టాక నేలలో మిగిలిన పదునుతోనే పండే పైర్లలో శనగ, జొన్నలతోపాటు పొగాకూ ఉంది. నంద్యాలలో 1906లో మొదలైన వ్యవసాయ పరిశోధన స్థానానికి బీడీ పొగాకు ముఖ్యమైన పంటల్లో ఒకటి. బీడీకి పోయే ఆకు చివరికి నలిగి రవ్వయిపోతుంది. దాని ఈనెలు, దాని నునుపు, అంచు నుంచి అంచుకు దాని రంగు ఎవరికీ పట్టవు. చుట్టకు పోయే ఆకు సంగతి వేరు. చివరిదాకా అది ఆకుగానే ఉండాలి.

హవానా సిగారును ఎలా పరీక్షించాలో చెప్పడానికి ప్రపంచంలో ఎన్నో పుస్తకాలున్నాయి. ఆ కొలతలన్నీ మన చుట్టకూ సరిపోతాయి. ఇంకో మాట కూడా అంటాను: మంచి చుట్ట గుణం ముప్పాతిక వంతు నిప్పు తగలకముందే తెలిసిపోతుంది.

ఆళ్లగడ్డ దగ్గరి ఒక పల్లెలో ఒక పెద్దాయన తన చేని ఆకుతో తన కోసమే చుట్ట చుట్టుకోవడం చూశాను. ముందు ఆకు మీద నీళ్లు చిలకరించి గోనెపట్టా కప్పాడు. ఎండిన ఆకును అలాగే పట్టుకుంటే పొడిపొడి అవుతుంది, మరీ తడిస్తే బూజు పడుతుంది. పదునుకు వచ్చిన ఆకు మాత్రం పిడికిట్లో నలిపి వదిలితే చిరగకుండా మెల్లగా విచ్చుకుంటుంది. అప్పుడు నడిమి ఈనెను మొదలు దగ్గర గోటితో గిల్లి ఒక్క గుంజుతో లాగేశాడు. ఆకు రెండు చెక్కలైంది.

అసలు పనితనం అక్కడి నుంచే. లోపలికి పోయే ఆకుల్ని ఉండగా నొక్కలేదు. ఒక్కొక్కదాన్ని నిలువుగా మడతలు పెట్టి, మడతకూ మడతకూ మధ్య గాలి పోయే సందు వదులుతూ పక్కపక్కనే పేర్చాడు. ఆ సందులే దమ్ముకు దారి. చూడటానికి ఎంత నిండుగా ఉన్నా సందులు మూసుకుపోతే పొగ రాదు, ఎక్కువైతే నిప్పు పరుగెత్తి పొగ వేడెక్కి నాలుక చురుక్కుమంటుంది. పై ఆకుకు ఎడమ చెక్క తీసుకుని ఒక వైపు తిప్పి చుట్టాడు. రెండో చుట్టకు కుడి చెక్క తీసుకున్నప్పుడు చెయ్యి తిరిగే వైపు మారింది. అలా మార్చితేనే సన్న ఈనెలు చుట్ట పొడుగునా సాగి లోపలికి అణిగిపోతాయి, లేకుంటే అడ్డంగా పడి ఎత్తుగా తేలుతాయి. క్యూబాలో సిగార్లు చుట్టేవాళ్లు పాటించే నియమమూ ఇదే. ఎడమ చెక్కల్నీ కుడి చెక్కల్నీ అక్కడ వేరుగా పెట్టుకుంటారు. ఈ పెద్దాయనకు ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. ఆకే నేర్పింది.

ఆళ్లగడ్డ శిల్పులు రాయిని ఎంచేటప్పుడు ముందు తట్టి వింటారు, లోపల పగులుంటే మోత చెప్పేస్తుంది. చుట్టనూ అలాగే చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్ల మధ్య మెల్లగా తిప్పాలి. గలగలమంటే ఆకు ఎండిపోయింది. చప్పుడు లేకుండా కొద్దిగా లొంగి మళ్లీ నిండుకుంటే పదును సరిగ్గా ఉంది. వేలికి ఒకచోట గట్టిగా, ఒకచోట గుల్లగా తగిలితే అది ఒంకరగా కాలుతుంది. తర్వాత వాసన. గుప్పున ముక్కు పొడిచే అమోనియా వాసన వస్తే ఆకు మగ్గలేదని అర్థం. ఆకుల్ని మండె కట్టి ఉంచితే లోపల సెగ పుడుతుంది. ఆ సెగలోనే ఘాటు తగ్గి, పచ్చిదనం పోయి, కమ్మదనం వస్తుంది. మండెను తిరగేస్తూ ఉండకపోతే నడుమ ఉన్న ఆకు మాడుతుంది. చివరగా, ముట్టించకుండానే ఒక్కసారి గాలి పీల్చి చూడాలి. హవానా సిగారుకైతే తలకాయ కొయ్యాలి, చుట్టకు రెండు కొసలూ తెరిచే ఉంటాయి, ఆ బెడద లేదు.

ఇక నిప్పు. ఇక్కడ నేల మాట్లాడుతుంది. మట్టిలో, నీళ్లలో క్లోరైడు ఎక్కువైతే ఆకు సరిగా కాలదు, మాటిమాటికీ ఆరిపోతుంది. పొటాషియం దండిగా అందిన ఆకు నిలకడగా కాలుతుంది. గోదావరి వరద ఏటా తెచ్చిపోసిన ఒండ్రులో పెరిగే లంక పొగాకుకు చుట్టల్లో అంత పేరు రావడంలో ఆ నేల పాలు చాలా ఉంది. నిప్పు గీత చుట్టూ ఒకే మట్టంలో వెనక్కి నడవాలి. నుసి వెంటనే రాలకుండా కొంతసేపు నిలవాలి. నుసిని చదవడం ఉత్త ముచ్చట కాదు. 1887లో అచ్చయిన కానన్ డాయిల్ నవలలో షెర్లాక్ హోమ్స్ నేల మీద పడిన నల్లని, పొరలు పొరలుగా ఉన్న నుసిని చూసి అది తిరుచిరాపల్లి చుట్టదని తేలుస్తాడు. మన దక్షిణాది చుట్ట ఆనవాలు లండన్ దాకా అలా వెళ్లింది.

‘‘పొగ మింగొద్దు నాయనా, నోట్లోనే తిప్పు’’ అన్నాడు పెద్దాయన, చుట్ట నా చేతికిస్తూ. చుట్ట పొగకు క్షారగుణం ఎక్కువ. లోపలికి పీల్చకపోయినా నికోటిన్ నోటి పొరల గుండానే రక్తంలో కలుస్తుంది. నోట్లో తిరిగే ఆ పొగే నోటి క్యాన్సర్‌కూ దారి. ఉత్తర కోస్తాలో నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిళ్లలో వచ్చే క్యాన్సర్లను వైద్యులు ఎప్పటినుంచో చూస్తున్నారు. చుట్ట పనితనాన్ని ఎంత మెచ్చుకున్నా చుట్ట అలవాటును మెచ్చుకోలేను. కంటితో, వేలితో, ముక్కుతో తెలిసేదే ఎక్కువ కాబట్టి మెచ్చుకోవడానికి రోజూ కాల్చాల్సిన పనీ లేదు.

ఆ చుట్ట మొదటి దమ్ముల్లో మట్టివాసన, వేయించిన శనగల కమ్మదనం. సగానికి వచ్చేసరికి మిరియపు కారం నాలుక అంచుల్లో తేలింది. చివరి మూడో వంతులో పొగలోని జిడ్డంతా కొసకు చేరి చేదు ముదిరింది, అక్కడ ఆపేయడమే సరైనది. నిప్పు గీత ఎక్కడా ఒంకర పోలేదు, దమ్ము ఎక్కడా బిగుసుకోలేదు. చుట్టిన పనితనానికి ఒక్క మార్కు కూడా కోయలేను. కోత పడేది ఆకు దగ్గర: ఆ మిరియపు కారం వెనక సన్నని పచ్చిదనం మిగిలి ఉంది. మండెలో ఇంకొన్ని నెలలు మగ్గనిచ్చి ఉంటే అదీ పోయేది.