ఆదివారం వాన పడదు సార్

మా బడి వెనక, పంపు షెడ్డుకు కాస్త దూరంగా, కూల్‌డ్రింక్ సీసా ఒకటి ఉంటుంది. మెడ దగ్గర కోసి, ఆ ముక్కను తలకిందులు చేసి గరాటులా దాంట్లోనే దించాం. సీసా అడుగు ఎగుడుదిగుడు కాబట్టి గులకరాళ్లు వేసి, నీళ్లు పోసి, ఆ నీటిమట్టం దగ్గర గీత గీసి దాన్నే సున్నా అనుకున్నాం. అదే మా రెయిన్ గేజ్. వాతావరణ శాఖ ఉదయం 8.30కి వాన కొలుస్తుంది. మేమూ బడి గంటకు ముందు ఆ వేళకే స్కేలు పెట్టి చూసేవాళ్లం.

ఆగస్టు అయిపోయింది. నోటుబుక్కులో ఉన్న నెల లెక్కను కోడాప్‌లోకి ఎక్కించాలన్నది నా సరదా. అమెరికాలోని కాంకర్డ్ కన్సార్షియం అనే లాభాపేక్ష లేని సంస్థ పిల్లల కోసం చేసిన సాధనం ఇది. డబ్బు కట్టక్కర్లేదు, బ్రౌజరులోనే తెరుచుకుంటుంది. సీఎస్‌వీ ఫైలును మౌస్‌తో పట్టుకుని ఆ పేజీ మీద వదిలితే పట్టిక వచ్చేస్తుంది, మొదటి వరసలో రాసినవే నిలువు వరసల పేర్లు. రెండు నిమిషాల పని అని చెప్పి కంప్యూటర్ గది తాళం తెచ్చుకున్నాను. మూడు పీరియడ్లు పట్టింది.

మొదట పేర్లే పోయాయి. తేదీ, వారం, వాన అని తెలుగులో కొడితే పట్టికలో వరసగా ప్రశ్నార్థకాలు! సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోలేదు, తప్పు నాదే. తర్వాత తేదీలు. మేము కొట్టిన స్ప్రెడ్‌షీటు అమెరికా లెక్కలో నెలను ముందు చదివేలా ఉంది. 3/8 మార్చి 8 అయిపోయింది. 13/8 వచ్చేసరికి పదమూడో నెల ఎక్కడుంది? అందుకని దాన్ని తేదీగా కాక ఉత్త మాటగా వదిలేసింది. సగం ఆగస్టు ఏడాదంతా చెల్లాచెదురు. ఈ జబ్బు మా బడికే అనుకోకండి. మార్చ్1, సెప్ట్1 లాంటి జన్యువుల పేర్లను స్ప్రెడ్‌షీట్లు తేదీలుగా మార్చేస్తుంటే విసిగిపోయి, 2020లో శాస్త్రవేత్తలు జన్యువుల పేర్లనే మార్చుకున్నారు. మేము తేదీలను సంవత్సరం, నెల, రోజు వరసలో రాసి బయటపడ్డాం.

ఇక వాన. ఒకడు 12 అని, ఇంకొకడు 12 మి.మీ. అని, మూడోవాడు ‘జల్లు’ అని రాశారు. పక్కన మి.మీ. చేరిందంటే కంప్యూటరుకు అది అంకె కాదు, మాట. మి.మీ.లన్నీ తీసేయించాను. కొలమానం రాసుకోవడానికి కోడాప్‌లో వేరే చోటుంది. జల్లును ఏం చేయాలన్న దాని మీద పెద్ద గొడవే జరిగింది, ఓటింగుతో తేల్చాం, ఆ కథ ఇప్పుడు వద్దు.

చివరికి పట్టిక కుదిరింది. కోడాప్‌లో నాకు బాగా నచ్చేది ఒకటుంది. ఏదైనా నిలువు వరసను పట్టుకుని పట్టిక ఎడమ అంచుకు లాగితే, దాన్ని బట్టి మిగతావన్నీ గుంపులు కడతాయి. ‘వారం’ లాగమన్నాను. (ఒక పిల్ల ఆ వరసలో 1వ వారం, 2వ వారం అని నింపితే ముందే దిద్దించాం. మన భాషలో వారం రెండూనూ, ఆ పిల్లనేమనగలం?) ఏడు గుంపులు పడ్డాయి. ఆదివారం కింద సున్నా, సున్నా, సున్నా, సున్నా.

“ఆదివారం వాన పడదు సార్,” అన్నాడు వెనక బెంచీవాడు.

అందరూ నవ్వారు. నేను నోటుబుక్కు తెరిచి చూశాను. అందులో ఆదివారాల గళ్లన్నీ ఖాళీ. టైపు చేసిన పిల్ల ఖాళీలు బాగోలేవని సున్నాలు పెట్టింది. చూడలేదన్నది కాస్తా పడలేదని అయి కూర్చుంది. తీగ లాగితే సోమవారాలూ కదిలాయి. ఒక సోమవారం 22 ఉంది. శనివారం పొద్దున్నుంచి సీసాలో చేరిన నీళ్లవి, రెండు రోజుల వాన. నెల మొత్తానికి దీంతో తేడా రాదు. కానీ 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే వాతావరణ శాఖ దాన్ని వానరోజుగా లెక్కిస్తుంది. ఆ 22 ఒక వానరోజా, రెండా? నెలలో పెద్ద వాన అదేనని పిల్లలు అప్పటికే చార్టు మీద ఎర్రస్కెచ్‌తో రాసేశారు కూడా.

ఇన్నేళ్లూ డేటా ఎక్కించడం గుమస్తా పని అనుకుని, ఇంట్లో రాత్రిపూట నేనే శుభ్రం చేసి, తళతళలాడే పట్టికను క్లాసుకు తెచ్చేవాణ్ని. పిల్లలు సగటు కట్టేవారు, గంట కొట్టేది. ఖాళీకీ సున్నాకీ తేడా ఏంటని ఒక్కరూ అడగలేదు. అడిగే సందు నేను ఉంచితే కదా!

సున్నాలు చెరిపేశాం. ‘ఎన్ని రోజుల వాన’ అని కొత్త వరస ఒకటి చేర్చాం. సెప్టెంబరు మొదటి సోమవారం వెనక బెంచీవాడే సీసా చూశాడు. వాన గడిలో 9, పక్క గడిలో 2 రాసి, ఆదివారం గడిని ఖాళీగా వదిలేశాడు.