శాసనం ఆగిన చోట

కాట్టుమన్నార్‌కోయిల్ అనంతీశ్వరాలయం గోడ మీద ఒక భూమి లావాదేవీ చెక్కి ఉంది. చోళ యువరాజు ఆదిత్య కరికాలుణ్ణి చంపిన ద్రోహుల ఆస్తుల సంగతి అది. రవిదాసుడు, సోముడు, పరమేశ్వరుడు అని పేర్లున్నాయి. ఎందుకు చంపారో లేదు. ఆ ఖాళీలో తమిళ రచయిత కల్కి ‘పొన్నియిన్ సెల్వన్’ నవలను నిలబెట్టారు. 1950 నుంచి మూడున్నరేళ్లు వారం వారం పాఠకుల్ని ఊపేస్తూ కూడా, హంతకుడు ఫలానా అని తేల్చెయ్యలేదు. ఆ నిగ్రహానికి చేతులెత్తి మొక్కాలి.

అదే చోళుల కాలం నాటి తంజావూరు పెద్దగుడి శాసనం రచయితకు ఇంకా పెద్ద గని. దాదాపు 400 మంది నర్తకీమణుల పేర్లు, ఏ గుడి నుంచి వచ్చారో, ఏ వీధిలో ఎన్నో ఇల్లో, ఒక్కొక్కరికి ఏటా 100 కలముల ధాన్యం. దర్జీలూ మంగళ్లూ దీపాలు వెలిగించేవాళ్లూ అందులోనే. తిరువారూరు వదిలి వచ్చిన ఒకామెకు ప్రాణం పొయ్యాలంటే రచయిత ఎంత చదవాలి! ఆమె వంటింట్లో మిరియాలే ఘాటు, మిరపకాయ ఇంకా ఈ దేశానికి రాలేదు. ఆ గుడి ముందు ఇవాళ మనం చూసే మహానంది విగ్రహం కూడా ఆమె కంటపడకూడదు, అది తర్వాత నాయకరాజుల కాలంలో వచ్చింది. ఉన్నదాన్ని వర్ణించడం చాలామందికి చేతనవుతుంది. అప్పటికి లేనిదాన్ని ఓపికగా ఏరి పక్కన పెట్టేవాళ్లే నాకు గొప్ప నవలాకారులు.