నవ్వులో దాచిన ఆధారం

అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్ పాఠకుల ముందుకు మొదటిసారి వచ్చింది 1927 డిసెంబరులో, 'ది ట్యూస్‌డే నైట్ క్లబ్' అనే చిన్న కథలో. కొందరు మిత్రులు ఒక సాయంత్రం కూర్చుని, అంతుచిక్కని నేరం గురించి తలా ఒకటి చెప్పాలని, మిగిలినవాళ్లు దాని ముడి విప్పాలని అనుకుంటారు. స్కాట్లండ్ యార్డులో పెద్ద పదవి చేసి వచ్చిన అధికారి, లాయరు, పాస్టరు, రచయిత, చిత్రకారిణి. లెక్కపెడితే ఐదుగురు. కూర్చున్నది మిస్ మార్పుల్ ఇంట్లోనే, ఆ ముసలావిడ కుర్చీలో ఊలు అల్లుకుంటూ అక్కడే ఉంది. ఆమెను లెక్కలో వేసుకోవడం మర్చిపోతారు. నేనూ ఉన్నానుగా అని ఆవిడే గుర్తు చేస్తుంది. మీకు తెలిసిన వింత ఏదైనా ఉందా అని అడిగితే, పొరుగావిడ బజారులో కొన్న రొయ్యలు ఇంటికి చేరేసరికి కనబడకుండా పోయిన సంగతి చెబుతుంది. రచయితగారైన మేనల్లుడికి ఆ మాట వినడానికే నామోషీ. చివరికి హత్య ఎవరు చేశారో కనిపెట్టేది మాత్రం ఆవిడే.

పోలీసు కాని, జీతం లేని, తుపాకీ పట్టని ఒక మామూలు మనిషి హంతకుణ్ణి పట్టుకునే సరదా నవలల సంప్రదాయానికి ప్రాణం ఈ మరుపులోనే ఉంది. ఎదుటివాళ్లు లెక్కచేయని మనిషి దగ్గరే నోళ్లు తెరుచుకుంటాయి. ఇన్‌స్పెక్టరు వస్తే ఊరు నోరు కట్టేసుకుంటుంది. పాదులు తవ్వుకునే ముసలావిడ ప్రహరీ అవతల నుంచి పలకరిస్తే, ఎవరు ఏ వేళకు ఎటు వెళ్లారో అదే ఊరు అడగకుండానే చెబుతుంది. క్రిస్టీ ఈ పాత్రతో పన్నెండు నవలలు, ఇరవై కథలు రాసింది. వాటిలో మిస్ మార్పుల్ చేసే పరిశోధన చాలావరకు టీ తాగడం, అల్లుకోవడం, వినడం.

ఈ నవలల్లో హాస్యాన్ని చాలామంది పైపూత అనుకుంటారు. రక్తం వాసన తెలియకుండా చల్లిన పన్నీరు అన్నమాట. నా దృష్టిలో అది పొరపాటు. ఇక్కడ హాస్యం ఒక పనిముట్టు. రచయిత ఆధారాన్ని దాచిపెట్టే చోటు అదే. పాఠకుడు నవ్వుతున్నప్పుడు అనుమానించడు.

1930లో వచ్చిన 'ది మర్డర్ ఎట్ ది వికరేజ్' చూడండి. మిస్ మార్పుల్ మొదటి నవల ఇదే. కథ చెప్పేది సెయింట్ మేరీ మీడ్ అనే పల్లెలోని పాస్టరు. మొదటి పేజీలోనే ఆయన భోజనాల బల్ల దగ్గర గట్టి మాంసం కోసి, కల్నల్ ప్రోథరోను ఎవరైనా చంపితే లోకానికి మేలు చేసినట్టే అని నోరు జారతాడు. తర్వాత కల్నల్ శవం దొరికేది ఆ పాస్టరు చదువుకునే గదిలోనే. బల్ల మీద పడిపోయిన గడియారం ఆరూ ఇరవై రెండు దగ్గర ఆగి ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ స్లాక్‌కు ఇంకేం కావాలి, హత్య జరిగిన నిమిషం దొరికిపోయింది! కానీ ప్రతి పనికీ ఆలస్యమైపోతున్నానని పాస్టరు ఆ గడియారాన్ని పావుగంట ముందుకు తిప్పి పెట్టుకున్నాడు. ఆ సంగతి చెప్పబోతే స్లాక్ చెప్పనివ్వడు. ఆయనకు అంత తొందర, అంత అధికారం. మనం ఆ ఇద్దరినీ చూసి నవ్వుకుంటాం. కథ మొత్తానికి కాలం లెక్క ఆ నవ్వులో ఉంది.

చచ్చిపోయినవాడు కల్నల్ ప్రోథరో కావడం కూడా కావాలని చేసిన పనే. ఊళ్లో అతనంటే పడనివాళ్లే ఎక్కువ. పాఠకుడికి దుఃఖం అడ్డురాదు, అనుమానించడానికి మనుషులకు కొదవ ఉండదు. మీ ఇష్టం వచ్చినవాణ్ణి చంపితే ఈ తరహా కథ నిలవదు.

1950లో వచ్చిన 'ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్' ఈ విద్యకు శిఖరం అంటాను. చిప్పింగ్ క్లెగ్‌హార్న్ అనే ఊరి పత్రికలో ప్రకటన పడుతుంది: ఫలానా శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు లిటిల్ పాడక్స్ అనే ఇంట్లో హత్య జరుగుతుంది, మిత్రులు దీన్నే ఆహ్వానంగా భావించాలి అని. ఆ ఇంటి యజమానురాలు తనకే ఈ సంగతి తెలియదంటుంది. సాయంత్రం కాగానే ఇరుగుపొరుగు ఒక్కొక్కరే దిగుతారు. ప్రకటన చూసి వచ్చామని ఒప్పుకోవడానికి మొహమాటం, అందుకే తలా ఒక సాకు. ఇక ఏం మాట్లాడాలో తోచక, అప్పుడే ఇల్లు వెచ్చబెట్టే యంత్రం వేసేశారే అని ఒకరి తర్వాత ఒకరు అదే మాట అంటారు. యుద్ధం అయిపోయినా బొగ్గుకు కటకటగా ఉన్న రోజులు కనుక ఆ మాట సహజంగానే వినిపిస్తుంది. అదే మాట మళ్లీ మళ్లీ వస్తుంటే నవ్వు ఆగదు. ఆరున్నరకు దీపాలు ఆరిపోతాయి. ఆ వెచ్చదనం గురించిన మాటకూ జరిగిన హత్యకూ ఉన్న సంబంధం ఇక్కడ విప్పితే పుస్తకం చదవబోయేవారికి అన్యాయం చేసినట్టవుతుంది. క్రిస్టీ దాన్ని మన కళ్లెదుటే, అన్నిసార్లు పెట్టింది.

ఇలా కళ్లెదుట పెట్టడం ఆ కాలపు రచయితలు తమకు తాము విధించుకున్న నియమం. పాదరీ, డిటెక్టివ్ రచయిత కూడా అయిన రొనాల్డ్ నాక్స్ 1929లో పది సూత్రాలు రాశాడు. పరిశోధకుడికి దొరికిన ఆధారం పాఠకుడికీ చూపాలి, యాదృచ్ఛికంగా జరిగిన దానివల్ల చిక్కుముడి వీడకూడదు, ఇలాంటివి. మరుసటి ఏడు లండన్‌లో డిటెక్షన్ క్లబ్ పుట్టింది. చెస్టర్‌టన్ తొలి అధ్యక్షుడు, క్రిస్టీ సభ్యురాలు. మోసం చేయాలి, కానీ అబద్ధం ఆడకూడదు. అది ఎంత కష్టమో రాయడానికి కూర్చున్నవారికి తెలుస్తుంది.

అమెరికా రచయిత రేమండ్ చాండ్లర్ 1944లో రాసిన ఒక వ్యాసంలో ఇలాంటి నవలల్ని కృత్రిమమని దులిపేశాడు. హత్యలు వీధుల్లో జరుగుతాయి, పల్లె బంగళాల్లో కాదు అన్న ధోరణి ఆయనది. హత్య జరిగే పద్ధతి వరకు ఆయన మాట కొట్టిపారేయలేం. మనుషుల విషయంలో మాత్రం ఒప్పుకోను. వీలునామా మీద కన్ను, పరువు పోతుందన్న భయం, ఎన్నేళ్లయినా ఆరని అసూయ, వీటిని ఈ నవలలు చూపినంత దగ్గరగా చూపిన సాహిత్యం తక్కువ. లిటిల్ పాడక్స్ కథలో రేషన్ పుస్తకాలు, చాటుగా వెన్న మార్చుకునే ఇరుగుపొరుగు, వీటన్నిటి కింద ఒక బరువైన ప్రశ్న ఉంది. అంతకు పదిహేనేళ్ల ముందు ఊళ్లోకి ఎవరొచ్చినా వాళ్ల వంశం ఎవరికో ఒకరికి తెలిసేది. యుద్ధం తర్వాత పక్కింట్లో దిగిన మనిషి తాను ఫలానా అంటే నమ్మడం తప్ప దారి లేదు. ఆ కాలపు ఇంగ్లండ్ గురించి ఇంత సూటిగా చెప్పిన మాట నాకు చరిత్ర పుస్తకాల్లో కనబడలేదు.

ఇంకో విలువ కూడా ఉంది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. చాడీలు, పనికిరాని కబుర్లు అని తీసిపారేసే ఆడవాళ్ల మాటల్ని ఈ నవలలు జ్ఞానంగా గుర్తించాయి. కొత్త మనిషిని చూడగానే మిస్ మార్పుల్ తన ఊరి పనిపిల్లనో, దుకాణం కుర్రాణ్ణో గుర్తు తెచ్చుకుంటుంది. ఒక జీవితకాలం మనుషుల్ని గమనించి పోగుచేసుకున్న నమూనాలవి. అందులో తేలే నిజం తియ్యగా ఉండదు. మనుషుల్లో చెడును ముందే ఊహించే అలవాటు ఆవిడది, చాలాసార్లు అదే నిజమవుతుంది.

2020లో రిచర్డ్ ఆస్మన్ రాసిన 'ది థర్స్‌డే మర్డర్ క్లబ్' ఈ దారిలోనే నడిచి లక్షలమందికి చేరింది. వృద్ధుల నివాసంలో నలుగురు, గురువారం గురువారం పాత హత్యకేసులు తిరగేస్తుంటారు. వయసు మళ్లినవారిని ఎవరూ పట్టించుకోరన్న నిజమే మళ్లీ వాళ్ల ఆయుధం.

తెలుగులో డిటెక్టివ్ నవలకు పెద్ద చరిత్రే ఉంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు ఒక తరాన్ని నిద్రపోనివ్వలేదు. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల 'చంటబ్బాయ్' డిటెక్టివ్‌ను హాస్యానికి తెచ్చింది, 1986లో జంధ్యాల దాన్ని చిరంజీవితో సినిమా తీశారు. అయినా మన డిటెక్టివ్‌లలో ఎక్కువమంది అదే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు. పొరుగింటి పిన్నిగారు, రిటైరైన లెక్కల మాస్టారు, కూరగాయల బండి దగ్గర నాలుగు వీధుల సంగతులూ వినే మామ్మగారు, వీళ్లు హత్యలు ఛేదించిన నవలలు మనకు చాలా తక్కువ. చీటీపాటలు, పొలం గట్ల తగాదాలు, అపార్ట్‌మెంట్ సంఘం ఎన్నికలు, అమెరికా నుంచి వచ్చి ఆస్తి పంపకం అడిగే కొడుకులు, కావలసిన సరుకంతా మన దగ్గరే ఉంది. రాయగలిగినవారు దయచేసి రాయండి. తుపాకులు, కారు ఛేజింగులు వద్దు. ఆ మామ్మగారిని అరుగు మీద కూర్చోబెట్టి, చుట్టూ ఉన్నవాళ్లను మాట్లాడనివ్వండి.